పచ్చిగా ఉన్నప్పుడు కడిగిన ముత్యం, పండాక నల్లమచ్చ: బంగినపల్లికి దెబ్బ ఎక్కడ తగులుతోంది?

అగిరిపల్లి కోడలు | మే 4, రాత్రి 9.40

అందరికీ నమస్కారం.

మాది నూజివీడు దగ్గర అగిరిపల్లి మండలం. నాలుగెకరాల తోట, 150 పైచిలుకు చెట్లు. పది తప్ప అన్నీ బంగినపల్లే. ఆ పదిలో ఆరు చిన్నరసాలు, నాలుగు కలెక్టరు. మామయ్యగారు ఉన్నన్నాళ్లూ తోటను పూత మీదే గుత్తకు ఇచ్చేసేవారు. కాయ కోసేదీ అమ్ముకునేదీ గుత్తదారే. మా ఇంటికి నాలుగు బుట్టలు పంపేవాడు, అంతటితో సరి. మామయ్యగారు పోయాక రెండేళ్లు అదే పద్ధతి నడిచింది. నిరుడు గుత్తదారు కాయ సైజు రాలేదని సాకు చెప్పి చివరి వాయిదా ఎగ్గొట్టాడు. ఆ కోపంతో ఈ ఏడు నేనే కోయించి, హైదరాబాదులో మా చెల్లెలు ఉంటున్న అపార్ట్‌మెంటుకూ, దాని పక్కనే ఉన్న మరో రెండింటికీ నేరుగా పంపుతున్నాను.

మొదటి కోతలో 38 ట్రేలు వెళ్లాయి. ఒక్కో ట్రే 20 కిలోలు, అంటే 50 నుంచి 55 కాయలు. పంపేటప్పుడు ప్రతి కాయా నేనే చూశాను. ఒక్క గీత లేదు. ఫొటోలు తీసి పెడితే అందరూ మెచ్చుకున్నారు కూడా. వారం తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి.

చెల్లెలు పంపిన ఫొటోల్లో మూడు రకాల మచ్చలు కనబడుతున్నాయి. కొన్ని కాయలకు తొడిమ దగ్గర మొదలై కిందికి జారిన నల్లటి చారలు, కాటుక కరిగి కారినట్టు. కొన్నింటికి బుగ్గ మీద రూపాయి బిళ్లంత మెత్తటి చోటు, కోస్తే లోపల గుజ్జు గోధుమరంగులో ఉంది. ఇవే ఎక్కువ. ఇంకొన్నింటికి తొడిమ చుట్టూ నల్లటి వలయం, రోజురోజుకూ పెద్దదవుతోంది. ఒకావిడ చాలా మర్యాదగా అన్నారు: "రుచికి వంక పెట్టలేమమ్మా, కోసి సగం పారేశాక మిగిలినదాని రుచికి." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెకు డబ్బు వెనక్కి పంపేశాను.

చెట్టు నుంచి వాళ్ల గుమ్మం దాకా కాయ ప్రయాణం ఇదీ. ఆరుగురు కూలీలు చిక్కం గెడలతో (చివర వల కట్టిన గెడలు) కోస్తారు. చెట్టు కింద గోనెపట్టా మీద రాశి పోస్తారు. అక్కడి నుంచి గంపల్లో షెడ్డుకు. షెడ్డులో నేను చూసి, న్యూస్‌పేపర్ పరిచిన ట్రేల్లో పేరుస్తాం. ట్రాక్టరు మీద రెండు కిలోమీటర్లు డొంక దారి, ఆపైన చిన్న వ్యానులో విజయవాడ, రాత్రి బస్సు పార్శిల్‌లో హైదరాబాదు. మొత్తం 300 కిలోమీటర్ల లోపే.

మావారు రోడ్డు వల్లే అంటున్నారు. అట్టపెట్టెలకు మారదామా, కాయకాయకూ ఫోమ్ వల తొడుగుదామా అని లెక్కలు వేస్తున్నాం. రెండూ ఖర్చే. పెద్ద కోత ఇంకో పది రోజుల్లో ఉంది. డబ్బు ఎక్కడ పెడితే ప్రయోజనం ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.


దిల్‌సుఖ్‌నగర్ పళ్లబండి | మే 4, రాత్రి 10.15

అక్కా, 14 ఏళ్లుగా పళ్లు అమ్ముతున్నాను. మార్కెట్టు కొత్తపేటలో ఉన్నప్పుడు అక్కడ కొన్నాను, ఇప్పుడు బాటసింగారం వెళ్లి కొంటున్నాను. నా లెక్కలో దోషం బండిదే. ట్రే విప్పి చూస్తే పై వరస కాయలకే బుగ్గలు గీసుకుపోయి ఉంటాయి. బరువంతా మోసే అడుగు కాయ కదా నలగాల్సింది అని మొదట్లో నాకు వింతగా ఉండేది. నిజానికి అడుగు కాయ కదలదు. పై కాయ ప్రతి గుంతకూ ఎగిరిపడుతుంది. వాహనం వెనక భాగంలో పెట్టిన ట్రేలకు కుదుపు ఇంకా ఎక్కువ. వ్యానులో ముందు వైపు చోటు అడగండి.

ట్రేను అంచు దాటి నింపితే పైన పెట్టిన ట్రే నేరుగా కాయల మీద కూర్చుంటుంది. మరీ తక్కువ నింపితే కాయలు లోపల దొర్లుతాయి. అంచుకు వేలెడు కింద ఆపి, ఆ ఖాళీలో నలిపిన పేపరు కుక్కాలి.

ఇంకొకటి. ఒక సంవత్సరం సరుకు మిగిలితే పచ్చికాయను కూరగాయలు పెట్టే కోల్డ్ స్టోరేజీలో పెట్టించాను. లోపల 5 డిగ్రీలు. బయటికి తీశాక తోలు మీద బూడిద మరకలు, చిన్న చిన్న గుంటలు. మాగమంటే మాగలేదు. పచ్చి మామిడి 12, 13 డిగ్రీల కన్నా తక్కువ చలికి తట్టుకోదని 30 ట్రేలు పోగొట్టుకున్నాక తెలిసింది. మీ దగ్గర కొనేవాళ్లతో చెప్పండి, పండేదాకా ఫ్రిజ్‌లో పెట్టవద్దని. వాళ్లు పెట్టి, మిమ్మల్ని తిడతారు.


ఉద్యాన డిగ్రీ, మూడో ఏడు | మే 5, ఉదయం 7.05

వెంకటరామన్నగూడెంలో చదువుతున్నాను. మీరు చెప్పిన మూడు మచ్చలకూ కారణాలు మూడు వేరు వేరు, మేడమ్.

చారలు సొన వల్ల వచ్చేవి. మామిడి సొనలో నీటిలాంటి భాగం, నూనెలాంటి భాగం రెండూ ఉంటాయి. కాల్చేది నూనె భాగం. కాయ తోలు మీద సన్నటి చుక్కల్లా కనబడే శ్వాసరంధ్రాల గుండా అది లోపలికి దిగి అక్కడి కణాలను చంపుతుంది. తొడిమ తెగిన వెంటనే చిమ్మే సొనలోనే ఈ నూనె ఎక్కువ.

తొడిమ చుట్టూ వలయం దెబ్బ కాదు, తొడిమ కుళ్లు తెగులు. ఆ శిలీంధ్రం కాయ చెట్టు మీద ఉన్నప్పుడే తొడిమలో చేరి నిద్రపోతూ ఉంటుంది, కాయ పండేటప్పుడు లేస్తుంది. తొడిమను మొదలంటా పీకేస్తే దానికి దారి తెరిచినట్టే. పక్షికన్ను తెగులుకూ (కాయ మీద నల్లమచ్చలు తెచ్చే మరో శిలీంధ్ర తెగులు) దీనికీ వేడినీటి శుద్ధి చెబుతారు: 52 డిగ్రీల నీటిలో 5 నుంచి 10 నిమిషాలు. థర్మామీటరు లేకుండా మాత్రం చేయవద్దు. వేడి కాస్త మించితే తోలు ఉడికిపోతుంది.

సొన మరకలకు లీటరు నీటికి 5 గ్రాముల సున్నం కలిపి, రెండు మూడు నిమిషాలు ముంచి, మంచినీటితో కడిగే పద్ధతి కూడా ఉంది.

మెత్తటి చోట్ల గురించి నాకన్నా అనుభవం ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది.


పాత మేస్త్రి | మే 5, మధ్యాహ్నం 2.30

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయవాడ దగ్గర నున్న మామిడి మార్కెట్టు చుట్టుపక్కల షెడ్లలో 26 ఏళ్లు కాయ ఏరాను, పేర్చాను, పేర్పించాను. మోకాళ్లు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి ఇలా తీరిగ్గా రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

"పంపేటప్పుడు ప్రతి కాయా నేనే చూశాను, ఒక్క గీత లేదు" అన్నారు. అక్కడ ఆగిపోయాను. నేనూ మొదటి అయిదేళ్లు అలాగే చూసి, అలాగే మోసపోయాను. పచ్చి బంగినపల్లి మోకాలెత్తు నుంచి గట్టినేల మీద పడిందనుకోండి. దుమ్ము తుడిచి ట్రేలో పెడితే పక్క కాయకూ దానికీ తేడా నేను కాదు కదా, నన్ను పుట్టించినవాడు కూడా పోల్చలేడు. తోలు చెక్కుచెదరదు, లోపల గుజ్జు చితికి ఉంటుంది. అయిదో రోజో ఆరో రోజో మిగతా కాయంతా పసుపు తిరిగేటప్పుడు ఆ ఒక్క చోటూ మెత్తబడి బయటపడుతుంది. అప్పటికి కాయ మీ చేతిలో ఉండదు. కలెక్టరు కాయకు తోలు మందం కాబట్టి కొంత ఓర్చుకుంటుంది. బంగినపల్లి తోలు పల్చన, ఓర్చుకోదు.

పళ్లబండి తమ్ముడు చెప్పింది తప్పు కాదు. బండి కాయను ఒరిపిస్తుంది. కానీ ఒరుపు మచ్చ వేరు. తోలు మీద గరుకుగా, గోధుమరంగు పొక్కు కట్టినట్టు ఉంటుంది. వేలు పెట్టి రుద్దితే తెలుస్తుంది. గుజ్జులోకి అంతగా దిగదు. మీరు చెప్పింది రూపాయి బిళ్లంత మెత్తటి చోటు, లోపల రంగు మారిన గుజ్జు. అది పడిన దెబ్బ. రోడ్డు మీద ఎక్కడో కాదు, మీ తోటలోనే, బహుశా మీరు నిలబడి చూస్తుండగానే తగిలి ఉంటుంది.

కాబట్టి అట్టపెట్టెలూ ఫోమ్ వలలూ ప్రస్తుతానికి కొనకండి. దెబ్బ తిన్న కాయను పట్టుపరుపు మీద పడుకోబెట్టి పంపినా దెబ్బ తిన్న కాయే చేరుతుంది.

నావి మూడు ప్రశ్నలు. మీ చిక్కానికి కత్తి ఉందా, లేక ఊచకు తగిలించి లాగుతున్నారా? ఎన్ని కాయలు పడ్డాక చిక్కం దించుతున్నారు? కోత కూలి రోజుకు ఇస్తున్నారా, ట్రేకు ఇస్తున్నారా?

మీరు జవాబు రాసేలోపు ఒక పని కూడా చెబుతాను. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఈసారి ఎన్ని కాయలు కోసినా సరే, దారిలో మజిలీ మజిలీకీ 20 కాయలు తీసి పక్కన పెట్టండి. మొదటి 20 మీ చేత్తో మీరే, అందే కొమ్మ నుంచి, కత్తెరతో బెత్తెడు కాడ ఉంచి కోయండి. నేలకు తాకనివ్వకండి. అవి సాక్షి కాయలు. రెండో 20 చిక్కం దించగానే అందులోంచి చేత్తో తీసుకోండి. మూడో 20 చెట్టు కింద రాశిలోంచి. నాలుగోవి ట్రాక్టరు దిగాక. అయిదోవి హైదరాబాదులో మీ చెల్లెలి దగ్గర ఉంచేయండి. కాయ మీద పెన్నుతో రాయకండి. తొడిమకు రంగు దారం కట్టండి, తొడిమ లేకపోతే వేరే బుట్ట పెట్టండి. అన్నింటినీ ఒకేలా, నీడలో, ఒక వరసగా మాగబెట్టి వారం తరవాత కోసి చూడండి. ఎన్నో 20 దగ్గర లెక్క ఎగబాకిందో, దెబ్బ దానికీ దాని ముందు మజిలీకీ మధ్యలో ఉంది.


అగిరిపల్లి కోడలు | మే 5, రాత్రి 8.50

మేస్త్రిగారూ, మీ ప్రశ్నలకు జవాబులు రాయాలంటే సిగ్గుగా ఉంది. చిక్కానికి కత్తి లేదు. ఇనుప ఊచను వలయంగా వంచి నైలాను వల కట్టారు. కాయను వలయంలోకి తెచ్చి లాగితే తెగుతుంది. ఎన్ని కాయలకు దించుతారని ఎప్పుడూ గమనించలేదు. ఇవాళ కోత మేస్త్రిని అడిగితే "నిండాక" అన్నాడు. కూలి ట్రే లెక్కనే. వాళ్లే అలా అడిగారు, నాకూ లెక్క సులువని ఒప్పుకున్నాను.

రేపు నాలుగు ట్రేలు చెల్లెలికి పంపాలి. మీరు చెప్పిన పరీక్ష వాటితోనే చేస్తాను. మా అత్తయ్య ఎంబ్రాయిడరీ దారాల డబ్బా అడిగి తీసుకున్నాను. ఎందుకో చెబితే నవ్వారు.

ఈలోగా సొన గురించి ఏం చేయమంటారు?


పాత మేస్త్రి | మే 6, ఉదయం 5.20

సిగ్గు పడాల్సింది ఏముందమ్మా, ఈ చుట్టుపక్కల చాలా తోటల్లో ఇదే చిక్కం.

"నిండాక" అన్నాడు చూశారా. లాగిన కాయ మూరెడు కిందికి జారి చిక్కం అడుగున పడుతుంది. రెండోది దాని మీద పడుతుంది. ఆరోది అయిదింటి మీద పడుతుంది. పైగా లాగి తెంపితే తొడిమ మొదలంటా ఊడుతుంది. ఆ సొనంతా వలలోని మిగతా కాయల నెత్తిన కారుతుంది. మీ కాటుక చారలు అక్కడివే. చిక్కం అంచుకు పదునైన కత్తి బిగించమనండి, కొక్కిలా వంగినది. లాగడం కాదు, కోయాలి. వలయానికి పాత సైకిలు ట్యూబు చుట్టించండి. ఒకసారికి రెండు, మించితే మూడు కాయలు.

ఇక సొన. బెత్తెడు కాడతో కోసిన కాయ సొన కార్చదు. కాడ మీద కాయకు దగ్గరగా చిన్న కణుపు ఉంటుంది. దానికి పైన తెగితే చుక్క రెండు చుక్కలు, కింద తెగితే చిమ్ముతుంది. అందుకని చెట్టు దగ్గర కాడ పొడుగ్గా ఉంచి, షెడ్డు నీడలోకి వచ్చాక కత్తిరించాలి.

ఎలా కత్తిరించాలో చెబుతాను. మీ ఇంట్లో పాత నులక మంచం ఉందా? దాన్ని షెడ్డులో వేసి కింద ఇసుక పోయండి. నులకను ముందురోజే కడిగి ఆరబెట్టండి. ఎడమ అరచేతిలో కాయను తలకిందులుగా, తొడిమ నేల వైపు ఉండేలా పట్టుకోండి. కత్తెరతో కణుపు కింద, చిటికెన గోరంత తొడిమ మిగిలేలా కత్తిరించండి. ముఖం పక్కకు తిప్పుకోండి. కత్తిరించిన క్షణంలో సన్నటి తుంపర లేస్తుంది, అదే కాల్చే సొన. అది ఇసుకలోకి పోవాలి, కాయ మీదికి కాదు. ఒక్క క్షణం అలాగే పట్టుకుని, ఆ కాయను అదే తీరుగా, తల కిందికే, నులక సందులో తొడిమ దిగేలా కూర్చోబెట్టండి. అరగంట, కుదిరితే గంట. ఒక మంచానికి నాలుగు ట్రేల కాయ పడుతుంది. తరవాత శుభ్రమైన నీళ్లలో ముంచి తీసి, నీడలో ఆరనివ్వండి. ఆ నీళ్లు తెల్లబడగానే పారబోయండి, పొదుపు చూడకండి. లేకపోతే మొదటి కాయ సొనను చివరి కాయకు పూసినట్టవుతుంది.

చేతులకు ముందే కొబ్బరినూనె రాసుకోవాలి. సొన పడితే బొబ్బ లేస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కాయ పట్టుకునేవాళ్ల గోళ్లు కత్తిరించి ఉండాలి, వేళ్లకు ఉంగరాలు ఉండకూడదు. చిటికెన గోరు పెంచుకునే కుర్రాడొకడు మా షెడ్డులో ఉండేవాడు. వాడు పేర్చిన పెట్టెలను కళ్లు మూసుకుని పోల్చేవాణ్ని, ప్రతి కాయకూ నెలవంకలాంటి గాటు.

తొడిమ కూడా గోరంత కన్నా ఎక్కువ ఉంచకండి. ఎండాక మేకులా గట్టిపడి పక్క కాయలో దిగుతుంది.

డిగ్రీ చదివే బాబు చెప్పిన వేడినీళ్లు నిజమే, కానీ నాలుగెకరాల తోటలో 52 డిగ్రీలు నిలబెట్టే తొట్టి కుదరదు. వానలు పడకముందు కోసిన కాయకు ఈ ఏడు అంత అవసరమూ రాదు. పెద్ద షెడ్లకు వదిలేయండి.

కూలి సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే మీకు నచ్చదు. ట్రే లెక్కన ఇస్తున్నంతకాలం మీరు ఎన్ని మంచాలు వేసినా లాభం లేదు. ట్రే నిండితే డబ్బు అన్నాక చెయ్యి తొందరపడుతుంది. వాళ్ల తప్పు కాదు. రోజు కూలి చేయండి.


కేథరిన్ నుంచి గోదారబ్బాయి | మే 9, ఉదయం 11.00

ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో కేథరిన్ అనే ఊళ్లో రెండు సీజన్లు మామిడి కోతకు వెళ్లాను. ఇక్కడ కెన్సింగ్టన్ ప్రైడ్ అనే రకం ఎక్కువ. సొనకు మన బంగినపల్లి కన్నా సున్నితం, చుక్క పడితే మర్నాటికి మచ్చ. అందుకని కోత బండికి వాలుగా టార్పాలిన్ కట్టి, దాని మీద సబ్బు కలిపిన నీళ్లు ఆగకుండా పారేలా పెడతారు. కాయ తెంపి ఆ నీళ్లలోకి జార్చాలి, సొన పడీ పడకముందే కడుక్కుపోతుంది. మాకు పూర్తి చేతులు కప్పే చొక్కాలు, కళ్లద్దాలు, చేతులకు రాసుకునే క్రీము తప్పనిసరి. అయినా మొదటి వారం నా మెడంతా పొక్కులే.

నులక మంచం ఉపాయం చదివి ముచ్చటేసింది. లక్షల బండి చేసే పని అదీ చేస్తోంది.


అగిరిపల్లి కోడలు | మే 14, రాత్రి 9.15

మేస్త్రిగారూ, లెక్క వచ్చింది. నిన్న సాయంత్రం వంటింట్లో నేలమీద పేపర్లు పరిచి, అత్తయ్యా నేనూ 80 కాయలు కోశాం. అక్కడ చెల్లెలు 20 కోసింది. మచ్చ ఉన్న కాయలు ఎన్నో రాస్తున్నాను, ప్రతిదీ ఇరవయ్యింటికి.

నేను కోసిన సాక్షి కాయలు, ఎర్ర దారం: 1. అది కూడా తొడిమ వలయమే, దెబ్బ కాదు.
చిక్కంలోంచి తీసినవి: 4.
చెట్టు కింద రాశిలోవి: 11.
ట్రాక్టరు దిగాక: 12.
హైదరాబాదులో: 13.

300 కిలోమీటర్లూ డొంకా కలిపి పాడుచేసినవి రెండు. చిక్కం నుంచి రాశి దాకా, పది అడుగుల దూరం లేదు, అక్కడ ఏడు. మావారికి చూపించాను. ఏమీ అనలేదు, పండిన ముక్క ఒకటి నోట్లో వేసుకుని వెళ్లిపోయారు.

ఆ పది అడుగుల్లో ఏం జరుగుతోందో ఇవాళ చెట్టు కింద కుర్చీ వేసుకుని చూశాను. చిక్కం దిగగానే కింద ఉన్న కుర్రాడు ఒక్కో కాయ తీసి రాశి మీదికి విసురుతున్నాడు. మెల్లగానే, క్రికెట్టు బంతి అందించినట్టు. కాయ మీద కాయ పడి టక్కుమంటోంది. ఆ చప్పుడు ఇన్నాళ్లూ నా చెవిన పడుతూనే ఉంది, కోత చప్పుడు అంటే అదే అనుకున్నాను. గోనెపట్టా ఎత్తి చూస్తే కింద మట్టిగడ్డలు, పైకి తేలిన మామిడి వేరు ఒకటి, నా మణికట్టంత లావు. రాశి సరిగ్గా దాని మీదే పోస్తున్నారు. ఇంకోటి కూడా చూశాను. కొమ్మ ఊపినప్పుడు నేల రాలిన కాయలను ఏరి అదే రాశిలో కలుపుతున్నారు. అడిగితే "ఏమీ కాలేదమ్మా, చూడండి" అని తుడిచి చూపించాడు. నిజంగానే ఏమీ కనబడలేదు.

రేపు పెద్ద కోత. కత్తి చిక్కాలు ఆరు చేయించాను. మంచం సిద్ధంగా ఉంది. కూలి రోజు లెక్కకు మార్చి మనిషికి 100 రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాను. కోత మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు, "మేం నిన్నటిదాకా కోసింది కోత కాదా" అని. సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.


పాత మేస్త్రి | మే 14, రాత్రి 10.05

ఇరవయ్యేసి కాయలతో తీర్పు చెప్పలేమమ్మా, మళ్లీ చేస్తే 11 కాస్తా 9 కావచ్చు, 13 కావచ్చు. కానీ నాలుగు నుంచి పదకొండుకు ఎగబాకిందంటే అది దోవ చూపించినట్టే.

రాశి పోయడం మానిపించండి. ట్రేనే చెట్టు కిందికి తీసుకెళ్లండి, అడుగున రెండు మడతల పేపరు వేసి. కాడతో కోసిన కాయను చిక్కంలోంచి చేత్తో తీసి చేత్తోనే పెట్టాలి. చెట్టు దగ్గర ట్రే సగమే నింపండి, కాడలున్న కాయ చోటు ఎక్కువ తింటుంది. నేల రాలిన కాయకు వేరే గంప పెట్టి, దానికి ఎర్ర గుడ్డ కట్టండి. ఆ కాయ ఊరగాయకో, ఒరుగులకో, ఊళ్లోవాళ్లకో. ఎంత నిగనిగలాడినా సరే, ట్రేలోకి రాకూడదు.

కోత మేస్త్రికి పండిన సాక్షి కాయ ఒకటి, రాశి కాయ ఒకటి పక్కపక్కన కోసి చూపించండి. మాట కన్నా అది నయం.


అగిరిపల్లి కోడలు | మే 24, సాయంత్రం 6.40

ఆలస్యానికి మన్నించండి. కోత నాలుగు రోజులు పట్టింది. ఇదివరకు ఆరుగురూ కలిసి రోజుకు 40 ట్రేలు దించేవాళ్లు, ఇప్పుడు 28, 29 దగ్గర ఆగుతున్నారు. అది నష్టమే, దాచను. మంచం దగ్గర కత్తెర పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు అదనం.

కోత మేస్త్రికి మీరు చెప్పినట్టే రెండు కాయలు కోసి చూపించాను. రాశి కాయ ముక్క చేతిలోకి తీసుకుని, గోధుమరంగు గుజ్జును వేలితో నొక్కి చూశాడు. "ఇది నేను కోసిందేనా" అన్నాడు. మర్నాటి నుంచి విసిరిన కుర్రాణ్ని అతనే కేకలేస్తున్నాడు. నేను అక్కడ ఉండాల్సిన పని కూడా లేకపోయింది.

హైదరాబాదులో చెల్లెలు ఈసారి కూడా 20 కాయలు ఉంచి మాగబెట్టింది. మచ్చ ఉన్నవి 3. రెండు ఒరుపులు, ఒకటి తొడిమ వలయం. మెత్తటి చోటు ఒక్కదానికీ లేదు. డబ్బు వెనక్కి పంపిన ఆవిడకు చెప్పకుండా ఒక ట్రే పంపించాను. నిన్న ఫోన్ చేసి రెండు ట్రేలు అడిగారు, ఒకటి వాళ్ల వియ్యాలవారికట.

మీకో చిన్న సమస్య మిగిల్చాను. మంచం నులకంతా సొన పట్టి నల్లబడి, అక్కడక్కడా తెగుతోంది. అది మామయ్యగారు పడుకున్న మంచమని అత్తయ్య ఇప్పుడు చెబుతున్నారు. కోత మొదలయ్యేటప్పుడు చెప్పలేదు. కొత్త నులక వేయించి దాన్ని ఇంట్లో పెట్టేస్తాం. షెడ్డుకు వేరే చట్రం చేయిస్తున్నాను. దానికి ఏం అల్లించమంటారు? కొబ్బరి తాడు చవక అంటున్నారు.


పాత మేస్త్రి | మే 24, రాత్రి 8.10

కొబ్బరి తాడు వద్దమ్మా, దాని పీచు కాయను గీస్తుంది. నవారు అల్లితే సందు ఉండదు, సొన అక్కడే నిలుస్తుంది. కైకలూరు వైపు చేపల చెరువులవాళ్ల దగ్గర పాత వలలు దొరుకుతాయి. తొడిమ దూరి, కాయ జారనంత కన్ను ఉన్నది చూసుకోండి. చట్రానికి బిగించి లాగి కట్టించండి, మధ్యలో ఉయ్యాలలా వంగితే కాయలన్నీ ఒకచోటికి దొర్లుతాయి. కట్టే ముందు రెండుసార్లు ఉతికించడం మరిచిపోకండి, లేకపోతే మీ బంగినపల్లి కొల్లేరు వాసన వేస్తుంది.